ఎడ్డీ రాబిన్సన్: క్వార్టర్‌బ్యాక్ స్థానం కోసం అర్ధ శతాబ్దం

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి రాసేవాళ్లు ఎడ్డీ రాబిన్సన్ పేరు ఎత్తగానే 408 అనే అంకె దగ్గరికి వెళ్లిపోతారు. లూసియానా రాష్ట్రంలో గ్రాంబ్లింగ్ అనే చిన్న ఊరి కాలేజీకి 1941లో కోచ్‌గా చేరి 1997లో దిగిపోయేదాకా ఆయన గెలిపించిన మ్యాచ్‌లు 408. ఓడినవి 165, ఎటూ తేలనివి 15. 1985 అక్టోబర్ 5న డల్లాస్‌లోని కాటన్ బౌల్ మైదానంలో ప్రెయిరీ వ్యూ జట్టును 27-7తో ఓడించినప్పుడు అది ఆయనకు 324వ గెలుపు. అలబామా యూనివర్సిటీ కోచ్ బేర్ బ్రయంట్ పేరున ఉన్న 323 గెలుపుల రికార్డు ఆ రోజుతో వెనకబడింది. ఆ తర్వాత రాబిన్సన్ రికార్డూ నిలవలేదు. మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్ కోచ్ జాన్ గాగ్లియార్డి 2003లో దాన్ని దాటారు. పెద్ద డివిజన్ లెక్కలో పెన్ స్టేట్ కోచ్ జో పటెర్నో పేరున ఇప్పుడు 409 ఉంది. అంకెను బట్టే కోచ్‌ను కొలిచేటట్లయితే రాబిన్సన్ జాబితాలో కొంచెం కిందికి దిగిన ఒక పేరు, అంతే. నా ఉద్దేశంలో ఆ కొలతే తప్పు. నల్లజాతి మనిషి పరుగెత్తగలడు, ఢీకొట్టగలడు గానీ ఆటను నడిపించలేడు అని అమెరికా క్రీడారంగం చాలా కాలం నమ్మింది. ఆ నమ్మకాన్ని ఒక మారుమూల కాలేజీ మైదానంలో ఏళ్ల తరబడి సాక్ష్యం కూడబెట్టి కూలదోయడమే రాబిన్సన్ చేసిన అసలు పని. ఆయన ఉద్యోగ జీవితాన్ని క్వార్టర్‌బ్యాక్ అనే ఒక్క స్థానం చరిత్రగా చదివితే తప్ప ఆ పని కంటికి ఆనదు.

ఈ ఆట మన దగ్గర ఆడే ఫుట్‌బాల్ కాదు. వంద గజాల మైదానంలో జట్టుకు పదకొండు మంది చొప్పున నిలబడతారు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం పది గజాలు ముందుకు పోవాలి, లేదంటే బంతి అవతలివాళ్లకు వదలాలి. దాదాపు ప్రతి ప్రయత్నమూ బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి అందడంతో మొదలవుతుంది. రెండు మూడు సెకన్లలో అతను ఎదుటి జట్టు ఎలా నిలబడిందో చూడాలి, తన వాళ్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో కనిపెట్టాలి, బంతి విసరాలా, పక్కవాడికి ఇవ్వాలా, తానే పట్టుకుని పరుగెత్తాలా అన్నది తేల్చుకోవాలి. మైదానంలో మిగతా పది మంది అతని మాట వింటారు. అందుకే ఆ స్థానాన్ని అమెరికన్లు నాయకత్వానికి గుర్తుగా చూస్తారు. 1934 నుంచి 1945 దాకా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. 1946లో లాస్ ఏంజెలెస్ ర్యామ్స్ జట్టు కెన్నీ వాషింగ్టన్‌ను, వుడీ స్ట్రోడ్‌ను తీసుకుని తలుపు తెరిచింది. కానీ ఆ తలుపు వెనక మరో తలుపు ఉంది. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా వెలిగిన నల్లజాతి కుర్రాడు ప్రొఫెషనల్ జట్టులోకి వస్తే, అతని వేగం బాగుందని మెచ్చుకుని బంతి అందుకునే చోటికో, వెనక కాపలా కాసే చోటికో మార్చేసేవారు. ఇలాంటి నియమం ఏ పుస్తకంలోనూ రాసి ఉండేది కాదు. రాసి ఉంటే కోర్టుకు వెళ్లవచ్చు. రాయని నియమాన్ని తప్పని నిరూపించాలంటే దానికి ఎదురు నిలిచే మనిషినే తయారుచేసి చూపించాలి.

ఆ పని మొదలైన చోటు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. లూసియానా ఉత్తరభాగంలో, రస్టన్ పట్నం పక్కన, పైన్ చెట్ల గుట్టల మధ్య ఉంటుంది గ్రాంబ్లింగ్. తమ పిల్లలకు బడి కావాలని ఆ చుట్టుపక్కల నల్లజాతి రైతులు అడిగితే, టస్కీగీ నుంచి నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ పంపించిన చార్లెస్ ఆడమ్స్ 1901లో అక్కడ బడి తెరిచాడు. రాబిన్సన్ వచ్చేనాటికి దాని పేరు లూసియానా నీగ్రో నార్మల్ అండ్ ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్. 1946లో గ్రాంబ్లింగ్ కాలేజీ, 1974లో గ్రాంబ్లింగ్ స్టేట్ యూనివర్సిటీ అయింది. రాబిన్సన్ 1919 ఫిబ్రవరి 13న అదే రాష్ట్రంలోని జాక్సన్‌లో పుట్టారు. తండ్రి పరాయి భూమిని పాలుకు సేద్యం చేసేవాడు, తల్లి ఇళ్లలో పనిచేసేది. బాటన్ రూజ్‌లో పెరిగి, లీలండ్ అనే చిన్న నల్లజాతి కాలేజీలో చదివారు. అక్కడ ఆయన ఆడింది క్వార్టర్‌బ్యాక్‌గానే. డిగ్రీ చేతికి వచ్చాక దొరికిన పని బాటన్ రూజ్‌లో పశువుల దాణా మిల్లులో, గంటకు 25 సెంట్ల కూలికి. కోచ్ కావాలన్న కోరిక ఉన్న నల్లజాతి పట్టభద్రుడికి నల్లజాతి బడులు తప్ప ఇంకో దిక్కు లేని రోజులవి. గ్రాంబ్లింగ్‌లో ఖాళీ ఉందని తెలిసి, కాలేజీ అధ్యక్షుడు రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ జోన్స్‌ను కలిశారు. జోన్స్ కాలేజీని నడుపుతూనే బేస్‌బాల్ జట్టుకు కోచ్‌గానూ ఉండే మనిషి, ఆట విలువ తెలిసినవాడు. నెలకు 63 డాలర్ల 75 సెంట్ల జీతంతో 22 ఏళ్ల రాబిన్సన్‌కు ఉద్యోగం ఇచ్చాడు. 1936లో పదవిలోకి వచ్చిన జోన్స్ 1977 దాకా ఉన్నాడు. ఒక కోచ్ వెనక ఒకే అధ్యక్షుడు 36 ఏళ్లు నిలబడడం కాలేజీ క్రీడల్లో అరుదు. రాబిన్సన్ మీద వచ్చిన రాతల్లో జోన్స్‌కు దక్కాల్సినంత చోటు దక్కలేదని నేను అనుకుంటాను.

కోచ్ అనే మాట వినగానే మన కళ్లకు కట్టే దృశ్యం ఆ రోజుల గ్రాంబ్లింగ్‌కు సరిపోదు. మైదానంలో గడ్డి కోయడం, సున్నంతో గీతలు గీయడం, ఆటగాళ్ల చీలమండలకు పట్టీలు కట్టడం, మ్యాచ్ వార్త రాసి పత్రికలకు పంపడం, బాస్కెట్‌బాల్ నేర్పడం, అన్నీ ఆయనే. మొదట్లో ఆయనకున్న సహాయకుడు కాలేజీ రాత్రి కాపలాదారు. మొదటి ఏడాది మూడు గెలిచి ఐదు ఓడారు. రెండో ఏడాది, 1942లో, ఆడిన తొమ్మిదీ గెలిచారు, అవతలి జట్లకు ఆ ఏడాది మొత్తంలో ఒక్క పాయింటూ ఇవ్వలేదు. 1943, 1944లో యుద్ధం వల్ల కాలేజీలో ఆట లేకపోతే పక్కనే ఉన్న హైస్కూల్ జట్టుకు నేర్పారు. ఊళ్లు తిరిగి ఆడాల్సి వచ్చినప్పుడు దారిలో హోటళ్లు నల్లజాతి కుర్రాళ్లకు తిండి పెట్టేవి కావు. అందుకే బయల్దేరే ముందే శాండ్‌విచ్‌లు కట్టించుకుని బస్సులో పెట్టుకునేవారు. పత్తి ఏరాలని తండ్రి ఇంట్లో ఆపేసిన ఇద్దరు అన్నదమ్ముల కోసం, జట్టునంతా వెంటబెట్టుకుని ఆ చేనికి పోయి పత్తి ఏరి వాళ్లను మ్యాచ్‌కు తీసుకొచ్చారన్న కథ ఆయన గురించి రాసిన ప్రతివాళ్లూ చెబుతారు. పొద్దున్నే చేతిలో ఆవు మెడ గంట పట్టుకుని హాస్టల్ వరండాల్లో మోగిస్తూ తిరిగి ఆటగాళ్లను లేపేవారు. లేచినవాళ్లు టిఫిన్ చేసి క్లాసుకు పోవాలి. ఊరు దాటితే కోటు, టై ఉండాల్సిందే. ఇవన్నీ పాతకాలపు మాస్టారి క్రమశిక్షణగా కనిపిస్తాయి. అవి అంతవరకే అయితే నేను ఇక్కడ ప్రస్తావించేవాణ్ణి కాదు. తెల్లవాళ్లు నడిపే జట్టులోకి వెళ్లిన గ్రాంబ్లింగ్ కుర్రాడు సమయానికి రాలేదనో, పాఠం అర్థం కాలేదనో, మాట సరిగా లేదనో పంపేయడానికి ఏ సాకూ దొరకకూడదు. గంటా, టైలూ ఆ సాకులను ముందే తీసేసే పనిముట్లు.

సాకు దొరక్కుండా చేయడం ఎంత అవసరమో 1949లో పాల్ యంగర్ విషయంలో తేలింది. ట్యాంక్ అనే ముద్దుపేరున్న ఈ భారీ ఆటగాడు పుట్టింది గ్రాంబ్లింగ్‌లోనే. నల్లజాతి కాలేజీ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వెళ్లినవాడు అంతకుముందు ఎవరూ లేరు. కాలేజీ ఆటగాళ్లను లీగ్ జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతన్ని ఏ జట్టూ ఎంచుకోలేదు. ర్యామ్స్ విడిగా ఒప్పందం చేసుకుంది. నువ్వు నిలబడలేకపోతే మన కాలేజీల వాళ్లకు మళ్లీ అవకాశం ఎప్పుడొస్తుందో తెలియదని రాబిన్సన్ అతనికి చెప్పి పంపారు. యంగర్ నిలబడ్డాడు, 1951లో ర్యామ్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. అక్కడి నుంచి దారి వెడల్పయింది. 1955లో పదికి పది మ్యాచ్‌లు గెలిచిన జట్టులో ఆడిన విల్లీ డేవిస్ తర్వాత గ్రీన్ బే ప్యాకర్స్ రక్షణ శ్రేణికి మూలస్తంభమయ్యాడు. అలబామాలో పుట్టి పెరిగి, సొంత రాష్ట్రపు యూనివర్సిటీలో ఆడే వీల్లేక గ్రాంబ్లింగ్ వచ్చిన బక్ బుకానన్‌ను ఎన్‌ఎఫ్‌ఎల్‌కు అప్పటి పోటీ లీగ్ అయిన ఏఎఫ్‌ఎల్ 1963 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంచుకున్నారు. విల్లీ బ్రౌన్, చార్లీ జాయినర్ కూడా ఇక్కడివాళ్లే. ఈ నలుగురూ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. రాబిన్సన్ చేతికింద ఆడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లోకి వెళ్లినవాళ్లు 200కు పైనే. అయితే ఆ తొలి రెండు దశాబ్దాల్లో వెళ్లినవాళ్ల స్థానాలు చూడండి. అడ్డుకునేవాళ్లు, బంతి పట్టుకుని దూసుకుపోయేవాళ్లు, వెనక కాపలా కాసేవాళ్లు. క్వార్టర్‌బ్యాక్ లేడు. గ్రాంబ్లింగ్ ఎంత మందిని పంపితే, శరీరబలం వాళ్లది ఆలోచన మనది అన్న పాత నమ్మకానికి అంత బలం చేకూరే ప్రమాదం కూడా ఉంది. ఇది రాబిన్సన్‌కు తెలియనిది కాదు. 1960ల మధ్యలో టీవీ వ్యాఖ్యాత హోవర్డ్ కోసెల్ ఆయనను సూటిగా అడిగిందీ అదే: ప్రొఫెషనల్ లీగ్‌కు క్వార్టర్‌బ్యాక్‌ను ఎప్పుడు పంపుతారు?

జవాబుగా ఆయన ఎంచుకున్న కుర్రాడు జేమ్స్ హ్యారిస్. గ్రాంబ్లింగ్‌కు తూర్పున ఉన్న మన్రో పట్నం వాడు, పొడగరి, బలమైన చేయి. పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్‌గా తయారుచేస్తే కాలేజీ మ్యాచ్‌లు తేలిగ్గా గెలవవచ్చు. కానీ అలా చేస్తే లీగ్‌వాళ్లు ఇతని కాళ్లు బాగున్నాయని స్థానం మార్చేస్తారు. అందుకే హ్యారిస్‌ను రక్షణ వలయం మధ్య నిలబడి, మైదానం చదివి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే ప్రొఫెషనల్ జట్లు ఆడే పద్ధతిలో తీర్చిదిద్దారు. అంటే తన జట్టు ఆటనే ఒక విద్యార్థి భవిష్యత్తుకు అనుగుణంగా మలుచుకున్నారన్నమాట. కోచ్‌గా ఆయన తీసుకున్న నిర్ణయాల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఇదే. సరిగ్గా ఆ కాలంలోనే, 1968లో, టెన్నెసీ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ ఎల్‌డ్రిడ్జ్ డిక్కీని ఓక్లండ్ జట్టు డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లోనే తీసుకుని, బంతి అందుకునే స్థానానికి మార్చేసింది. అదే ఏడాది డెన్వర్‌లో మార్లిన్ బ్రిస్కో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి మెప్పించినా, మరుసటి ఏడాది అతనికి ఆ స్థానం దక్కలేదు. ఇంకో జట్టుకు వెళ్లి రిసీవర్ అయ్యాడు. 1969 డ్రాఫ్ట్‌లో హ్యారిస్ పేరు ఎనిమిదో రౌండ్ దాకా ఎవరూ పిలవలేదు. ఆట వదిలేద్దామనుకున్న అతన్ని రాబిన్సన్ ఆపారు. నువ్వు వెళ్లకపోతే నీ వెనక వచ్చేవాడికి దారి ఇంకా కష్టమవుతుందని నచ్చజెప్పారు. ఆ ఏడాది బఫెలో బిల్స్ మొదటి మ్యాచ్‌కు హ్యారిస్ క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. సీజన్ తొలి మ్యాచ్‌కే ఆ స్థానంలో దిగిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. 1974లో ర్యామ్స్‌ను ప్లేఆఫ్ దాకా నడిపి, అక్కడ వాషింగ్టన్ జట్టును ఓడించాడు. ఆ సీజన్ చివర మేటి ఆటగాళ్ల మధ్య జరిగిన ప్రో బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు.

ఒక్క హ్యారిస్‌తో వాదన గెలవదు. ఒక్కడైతే ఎవరో అసాధారణుడని పక్కకు తోసేయవచ్చు. రెండో సాక్ష్యం బాటన్ రూజ్ పక్కనున్న జాకరీ నుంచి వచ్చింది. 1974 నుంచి 1977 దాకా గ్రాంబ్లింగ్‌లో ఆడిన డగ్ విలియమ్స్, చివరి ఏడాది దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ ఓటింగ్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. టాంపా బే జట్టు 1978లో మొదటి రౌండ్‌లో, 17వ ఎంపికగా తీసుకుంది. ఈసారి స్థానం మార్చలేదు. మరుసటి ఏడాదే ఆ జట్టు కాన్ఫరెన్స్ ఫైనల్‌కు చేరింది. అయినా జీతం మాత్రం వేరే జట్లలో బెంచీ మీద కూర్చునే చాలామంది క్వార్టర్‌బ్యాక్‌ల కంటే తక్కువే. ఒప్పందం దగ్గర మాట కుదరక ఆ జట్టు వదిలి, కొత్తగా పుట్టిన యూఎస్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లి, ఆ లీగ్ మూతపడ్డాక వాషింగ్టన్‌లో రిజర్వు ఆటగాడిగా చేరాడు. 1988 జనవరి 31న శాన్‌డియాగోలో జరిగిన లీగ్ తుది పోరు సూపర్ బౌల్‌కు వాషింగ్టన్ అతన్నే క్వార్టర్‌బ్యాక్‌గా దించింది. సూపర్ బౌల్‌కు మొదటే దిగిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతను. మొదటి పావు భాగం ముగిసేసరికి డెన్వర్ 10-0తో ముందుంది. విలియమ్స్ మోకాలు మెలిపడి మైదానం బయటికి వెళ్లి వచ్చాడు. రెండో పావులో ఆట మళ్లీ మొదలైన వెంటనే రికీ శాండర్స్‌కు విసిరిన బంతి 80 గజాల టచ్‌డౌన్ (అవతలి చివరి గీత దాటి చేసే స్కోరు) అయింది. తర్వాత గ్యారీ క్లార్క్‌కు 27 గజాలది. ఆ వెనక టిమ్మీ స్మిత్ 58 గజాల పరుగు. మళ్లీ శాండర్స్‌కు 50 గజాలది, చివరికి క్లింట్ డిడియర్‌కు ఎనిమిది గజాలది. పదిహేను నిమిషాల ఆటలో 35 పాయింట్లు, విలియమ్స్ చేతి నుంచి నాలుగు టచ్‌డౌన్లు. మ్యాచ్ 42-10తో ముగిసింది, 340 గజాలు విసిరిన అతన్నే ఉత్తమ ఆటగాడిగా ప్రకటించారు. అరవై తొమ్మిదో ఏడు నిండబోతున్న రాబిన్సన్ ఆ స్టేడియంలో కూర్చుని చూశారు. 408లో ఆ గెలుపు లేదు. నా లెక్కలో మాత్రం ఆయన కోచింగ్‌కు దక్కిన అతిపెద్ద గెలుపు అదే.

దీని మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. రాబిన్సన్‌కు అంత మంది మెరికలు దొరకడానికి కారణం వర్ణ వివక్షే కదా, బుకానన్‌ను అలబామా యూనివర్సిటీ చేర్చుకుని ఉంటే గ్రాంబ్లింగ్‌కు దక్కేవాడా అని అడుగుతారు. దక్కేవాడు కాదు. ఇందులో దాచేదేమీ లేదు. దక్షిణాది పెద్ద యూనివర్సిటీలు మూసుకున్న తలుపుల వల్లే నల్లజాతి కాలేజీల జట్లు నిండాయి. కానీ ఆ లాభం గ్రాంబ్లింగ్ ఒక్కదానిదే కాదు. ఫ్లారిడా ఏ అండ్ ఎం‌లో జేక్ గెయిథర్, టెన్నెసీ స్టేట్‌లో జాన్ మెరిట్, మోర్గన్ స్టేట్‌లో ఎర్ల్ బ్యాంక్స్, సదరన్ యూనివర్సిటీలో ఏస్ మంఫోర్డ్ వంటి సమర్థులు అదే పిల్లల కోసం పోటీపడ్డారు. రాబిన్సన్ ఓడించాల్సి వచ్చింది వీళ్లను. వీళ్ల జట్లు బలహీనమైనవని ఆయన గెలుపులను చిన్నచేసే వాళ్లు, అవే జట్ల నుంచి లీగ్‌కు ఎంత మంది వెళ్లారో చూడాలి. క్వార్టర్‌బ్యాక్ విషయంలోనూ ఆయన ఒంటరి కాదు. డిక్కీ, ఆ తర్వాత పిట్స్‌బర్గ్‌కు ఆడిన జో గిలియమ్ మెరిట్ శిష్యులే. ఈ మాట ఒప్పుకుంటే నా వాదనకు నష్టం లేదు. ప్రతిభ అందరి దగ్గరా ఉంది. హ్యారిస్‌ను మొదటి రోజు నుంచే లీగ్ కోరే కొలతకు తయారుచేయడం, కుంగిపోయినప్పుడు మళ్లీ నిలబెట్టడం, దాని అనుభవంతో పదేళ్ల తర్వాత విలియమ్స్‌ను అదే దారిన పంపడం అనే ఈ పట్టుదల మాత్రం గ్రాంబ్లింగ్‌లోనే ఇంత స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా నొప్పి పెట్టేది. పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న రోజుల్లో రాబిన్సన్ వీధిలోకి రాలేదు. ఆయన పెరిగిన బాటన్ రూజ్‌లోనే 1953లో, మాంట్‌గమరీ బస్సు బహిష్కరణ కంటే రెండేళ్ల ముందే, నల్లజాతివాళ్లు బస్సులను బహిష్కరించారు. ఆయన మాత్రం దేశభక్తి గురించి, కష్టపడి పనిచేయడం గురించి, అమెరికా ఇచ్చే అవకాశం గురించి మాట్లాడారు. తర్వాతి తరం యువకుల్లో చాలామందికి అది లొంగుబాటుగా తోచింది. 1967లో గ్రాంబ్లింగ్ విద్యార్థులే చదువు కంటే ఆటకు పెద్దపీట వేస్తున్నారని ఆందోళనకు దిగారు. రాష్ట్ర ప్రభుత్వం నేషనల్ గార్డ్‌ను కదిలించింది. రాబిన్సన్‌ను సమర్థించేవాళ్లు తెల్ల శాసనసభ ఇచ్చే డబ్బుతో నడిచే కాలేజీలో ఉద్యోగి ఇంకేం చేయగలడని అంటారు. అది నిజమే గానీ పూర్తి జవాబు కాదు. అదే పరిస్థితిలో ఉద్యోగాలు పోగొట్టుకుని మరీ నిలబడ్డవాళ్లు దక్షిణాది అంతటా ఉన్నారు, వాళ్ల త్యాగాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. ఆ విద్యార్థుల ప్రశ్నలోనూ న్యాయం ఉంది. ఒక పేద కాలేజీ పేరు దేశమంతా మార్మోగింది ఫుట్‌బాల్ వల్లే. 1968లో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో మోర్గన్ స్టేట్‌తో ఆడితే అరవై వేలకు పైగా జనం వచ్చారు, గ్రాంబ్లింగ్ 9-7తో ఓడింది. 1976లో ఆ రెండు జట్లూ టోక్యోకు వెళ్లి ఆడాయి. కాలేజీ ప్రచార అధికారి కాలీ నికల్సన్ ప్రతిభ లేకపోతే ఇవేవీ జరిగేవి కావు. కానీ ఫుట్‌బాల్ ఆడని వేలాది మంది విద్యార్థులకు ఆ పేరు వల్ల మంచి లేబొరేటరీ వచ్చిందా అని అడిగితే, ఔనని ధైర్యంగా చెప్పడం కష్టం. నేను ఒక్క మాట మాత్రం జోడిస్తాను. హక్కు కోసం చేసే పోరాటంలో చట్టాన్ని మార్చేవాళ్లు కావాలి, చట్టం మారాక ఖాళీ అయిన కుర్చీలో కూర్చోగలిగేవాళ్లూ కావాలి. క్వార్టర్‌బ్యాక్ స్థానం ఏ చట్టం పరిధిలోకీ రాదు. దాన్ని ఊరేగింపుతో గెలవలేరు. రాబిన్సన్ మౌనాన్ని నేను సమర్థించడం లేదు. ఆ మౌనం చాటున జరిగిన పనిని లెక్కలోకి తీసుకోమంటున్నాను.

ఆ పని ఫలించడమే గ్రాంబ్లింగ్‌కు చేటయింది. 1970 సెప్టెంబర్‌లో బర్మింగ్‌హామ్‌లో సదరన్ కాలిఫోర్నియా జట్టు తరఫున శామ్ కన్నింగ్‌హామ్ అలబామాను చిత్తుచేయడంతోనే దక్షిణాది కళ్లు తెరిచిందని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ, అప్పటికే అలబామా విల్బర్ జాక్సన్ అనే నల్లజాతి ఆటగాడికి స్కాలర్‌షిప్ ఇచ్చేసింది. మార్పు ఒక్క మ్యాచ్‌తో రాలేదు. రాబిన్సన్ పెరిగిన బాటన్ రూజ్‌లో ఉన్న లూసియానా స్టేట్ యూనివర్సిటీ ప్రధాన జట్టులో నల్లజాతి ఆటగాడు కనిపించింది 1972లో. అప్పటికి రాబిన్సన్ కోచ్ అయి 31 ఏళ్లు. ఒకసారి తలుపు తెరుచుకున్నాక మాత్రం వరద ఆగలేదు. పెద్ద స్టేడియం, టీవీ, ఆధునిక వ్యాయామశాలలు చూపించి పెద్ద యూనివర్సిటీలు మేటి కుర్రాళ్లను తీసుకుపోయాయి. విలియమ్స్ తర్వాత గ్రాంబ్లింగ్ జట్టు గెలుస్తూనే ఉంది, రాబిన్సన్ ఖాతాలో కాన్ఫరెన్స్ టైటిళ్లు 17 దాకా చేరాయి. కానీ దేశం కళ్లు తిప్పుకోలేని ఆటగాళ్లు అక్కడికి రావడం తగ్గిపోయింది. 1995 అక్టోబర్‌లో మిసిసిపీ వ్యాలీ మీద 400వ గెలుపు వచ్చిన ఏడాదే జట్టు గెలిచినవాటి కంటే ఓడినవి ఎక్కువ. తర్వాతి రెండేళ్లూ మూడేసి గెలుపులే. దిగిపొమ్మని 1996 చివర ఒత్తిడి వచ్చింది, అభిమానులు పట్టుబడితే ఇంకో ఏడాది ఇచ్చారు. 1997 నవంబర్ 29న న్యూ ఆర్లియన్స్‌లో సదరన్ యూనివర్సిటీతో ఆడిన చివరి మ్యాచ్ 30-7తో ఓడిపోయారు. అప్పటికి ఆయన వయసు 78. ముందే తప్పుకుని ఉండాల్సిందన్న విమర్శను నేను కాదనను. తొంభైల కుర్రాళ్లకు అవసరమైన పరికరాలు, సిబ్బంది, డబ్బు ఆ కాలేజీకి లేవు, ఆయన గంట ఒక్కటే ఆ లోటు తీర్చలేకపోయింది. కానీ ఆ ఓటములను వృద్ధాప్యం మీదికి మాత్రమే నెట్టడం చరిత్ర తెలియకపోవడమే. తన ఆటగాళ్లకు ఎక్కడైనా ఆడే హక్కు ఉందని యాభై ఏళ్లు నిరూపించిన మనిషి దగ్గరికి, ఆ హక్కు వచ్చాక, ఆటగాళ్లు రావాల్సిన అవసరం పోయింది.

1998లో రాబిన్సన్ కుర్చీలోకి వచ్చింది డగ్ విలియమ్స్. 2000 నుంచి వరసగా మూడేళ్లు కాన్ఫరెన్స్ గెలిపించాడు. రాబిన్సన్ 2007 ఏప్రిల్ 3న రస్టన్‌లో, 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పార్థివదేహాన్ని బాటన్ రూజ్‌లోని రాష్ట్ర కాపిటల్ భవనంలో ప్రజల సందర్శనకు ఉంచారు. 2023 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో ప్యాట్రిక్ మహోమ్స్, జేలెన్ హర్ట్స్ ఎదురెదురుగా నిలిచినప్పుడు రెండు జట్ల క్వార్టర్‌బ్యాక్‌లూ నల్లజాతివాళ్లు కావడం అదే మొదటిసారి. ఆ మ్యాచ్‌లో ఆ ఇద్దరి స్థానం మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆ మేరకు రాబిన్సన్ వాదన నెగ్గింది. అయితే ఆటగాళ్లను ఆత్రంగా తీసుకున్న పెద్ద యూనివర్సిటీలు వాళ్లను తయారుచేసిన కోచ్‌ల వైపు చూడలేదు. పెద్ద డివిజన్‌లో నల్లజాతి హెడ్ కోచ్ మొదటిసారి వచ్చింది 1979లో, విచిటా స్టేట్‌కు, విల్లీ జెఫ్రీస్ రూపంలో. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆధునిక యుగంలో మొదటివాడు 1989లో ఆర్ట్ షెల్. దక్షిణాది ఫుట్‌బాల్‌కు గుండెకాయ లాంటి ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్‌లో, బేర్ బ్రయంట్ రాజ్యమేలిన ఆ కాన్ఫరెన్స్‌లో, తొలి నల్లజాతి హెడ్ కోచ్‌గా సిల్వెస్టర్ క్రూమ్‌ను మిసిసిపీ స్టేట్ నియమించింది 2003 డిసెంబర్‌లో. బ్రయంట్ రికార్డును రాబిన్సన్ దాటి అప్పటికి పద్దెనిమిదేళ్లు, రిటైరై ఆరేళ్లు.